ఆరో తరగతికి ఏ బడి? పదో తరగతి ఫలితాలు చూసి మాత్రం తేల్చుకోకండి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పాపకు మీ ఊరి ఎంపీపీ (మండల పరిషత్ ప్రాథమిక) స్కూల్లో ఐదో తరగతి అయిపోయింది. చేర్చడానికి నాలుగు బళ్లు ఉన్నాయన్నారు. ఇంటి నుంచి పది నిమిషాల నడకలో, ఎనిమిది దాకా ఉన్న యూపీ (అప్పర్ ప్రైమరీ) స్కూలు. నాలుగు కిలోమీటర్ల అవతల మండల కేంద్రంలో జెడ్పీ హైస్కూలు. ఎంట్రెన్స్ రాస్తే సీటు వచ్చిన మోడల్ స్కూలు, అది తొమ్మిది కిలోమీటర్లు. ఇవి కాక ఆడపిల్లలను అక్కడే ఉంచి చదివించే కస్తూర్బా. మోడల్ స్కూల్లో పదో తరగతి పాస్ 96 శాతం, హైస్కూల్లో 78 అని పక్కింటివాళ్లు చెప్పారట. మీ ఆయన గుంటూరులో కోల్డ్ స్టోరేజీలో పని, వారానికోసారి ఇంటికి వస్తారు. మీరు ఇంట్లోనే మిషను కుడతారు. అత్తగారేమో కస్తూర్బాలో వేసేయమంటున్నారు.

నేను లెక్కల స్కూల్ అసిస్టెంటుగా, అంటే సబ్జెక్టు టీచరుగా, చివర్లో హెచ్ఎంగా పల్నాడు పల్లెల్లోనే ముప్పై రెండేళ్లు చేసి రిటైరయ్యాను. యూపీ స్కూల్లో చేశాను, హైస్కూళ్లలో చేశాను. మోడల్ స్కూల్లో చేయలేదు గానీ మా తమ్ముడి కూతురు ఒకచోట టీజీటీ టీచరు, అక్కడి సంగతులు ఆ అమ్మాయి చెప్తూ ఉంటుంది.

ముందు ఆ 96ను, 78ను పక్కన పెట్టండి. పాప చేరేది ఆరో తరగతిలో. పదో తరగతి ఫలితం పదో తరగతి గురించే చెప్తుంది, అదీ ఎక్కువగా డిసెంబరు నుంచి మార్చి దాకా పొద్దున్నా సాయంత్రం నడిపే స్టడీ అవర్ల గురించి. హెచ్ఎంగా నేనూ అదే పని చేశాను. ఉన్న గట్టి టీచర్లందరినీ పదో తరగతికి వేసి, ఆరు, ఏడు తరగతులకు మిగిలినవాళ్లను సర్దాను. డీఈఓ గారి మీటింగులో నన్ను నిలబెట్టి అడిగేది పదో తరగతి గురించే మరి. ఆరో తరగతి బి సెక్షన్‌లో భాగహారం ఎంతమందికి వచ్చని నా సర్వీసులో ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు. గొప్పగా చెప్పుకునే విషయం కాదు, మీకు పనికొస్తుందని చెప్తున్నాను.

ఇంకొకటి. మోడల్ స్కూలు పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకుంటుంది. హైస్కూలు వచ్చిన ప్రతి బిడ్డనూ చేర్చుకుంటుంది. ఫిబ్రవరిలో అమ్మానాన్నలతో మిరపకోతలకు వెళ్లిపోయి పరీక్షల ముందు తిరిగొచ్చే పిల్లలు కూడా ఆ రిజిస్టర్‌లోనే ఉంటారు. వడపోసి తీసుకున్నవాళ్లలో 96 శాతం పాసవడం, అందరినీ చేర్చుకుని 78 శాతాన్ని గట్టెక్కించడం, ఈ రెండూ ఒకే రకం పని కాదు. అసలు హైస్కూల్లో ఆ సంవత్సరం పరీక్ష రాసింది ఎంతమందో అడిగారా? నలభై మంది రాసిన చోట ఇద్దరు తప్పితేనే ఐదు శాతం పోతుంది.

మరి దేన్ని చూడాలి? ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు ఎవరు చెప్తున్నారు, ఇంగ్లీషు ఎవరు చెప్తున్నారు, వాళ్లు ఆ బళ్లో ఇంకా ఎన్నాళ్లు ఉంటారు. నా మటుకు నాకు సగం నిర్ణయం ఇక్కడే తేలిపోతుంది.

మీ ఊరి యూపీ స్కూలుతో మొదలుపెడదాం. ఆరు నుంచి ఎనిమిది దాకా కలిపి 40 మంది పిల్లలున్నారని రాశారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఈ తరగతులకు 35 మందికి ఒక టీచరు, తరగతికి కనీసం ఒకరు ఉండాలంటుంది. ఆ ఉన్నవాళ్లలో లెక్కలు-సైన్సుకు ఒకరు, సోషల్‌కు ఒకరు, భాషలకు ఒకరు. అంటే ముగ్గురుంటే చట్టం ప్రకారం సరిపోయినట్టే. ఇప్పుడు లెక్క వేయండి. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్. ఆరు సబ్జెక్టులు, మూడు తరగతులు, ముగ్గురు మనుషులు. ఒకరు సెలవు పెడితే ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకరిని ట్రైనింగని మండలానికి పిలిస్తే మిగిలిన ఒక్కరూ మూడు తరగతుల పిల్లల్నీ వరండాలో కూర్చోబెట్టి ఎక్కాలు చదివించాల్సిందే. ఆ టీచర్లు చెడ్డవాళ్లని కాదు. నేనూ అలా వరండాలో కూర్చోబెట్టినవాణ్నే.

హిందీ సంగతైతే చెప్పక్కర్లేదు. మన పిల్లలకు అది ఆరో తరగతిలోనే మొదలవుతుంది. పండిట్ లేని చోట అక్షరాలు కూడా సరిగ్గా రాకుండా ఎనిమిదికి వస్తారు. పదిలో హిందీకి 20 మార్కులొస్తే పాస్ కాబట్టి పెద్దగా ఎవరూ పట్టించుకోరు కూడా.

హైస్కూల్లో ఇలా ఉండదు. సబ్జెక్టుకో స్కూల్ అసిస్టెంటు, పీఈటీ, పెద్ద బడైతే లెక్కలకూ ఇంగ్లీషుకూ ఇద్దరేసి. కాగితం మీద. కాగితం మీద ఉన్నది బళ్లో ఉందా లేదా అన్నదే మీరు తెలుసుకోవాల్సింది. 2022లో జీవో 117 తెచ్చి 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లలో కలిపారు. 2025లో దాన్ని రద్దు చేసి బళ్లన్నిటినీ తొమ్మిది రకాలుగా మళ్లీ సర్దారు. అదే ఏడాది పెద్ద ఎత్తున బదిలీలు, ఆ తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీలో ఎంపికైన కొత్త టీచర్లు. ఇంత అటూ ఇటూ అయ్యాక మీ పక్కింటివాళ్ల అబ్బాయి చదివిన రోజుల్లో ఆ బడి ఎలా ఉండేదన్న కబురుతో మీకు పని లేదు. ఇప్పుడు ఎవరున్నారో వెళ్లి చూసుకోవాల్సిందే.

ఇక్కడ బయటివాళ్లకు తెలియని కిటుకు ఒకటి చెప్తాను. మన రాష్ట్రంలో ఒక టీచరు ఒకే బళ్లో ఎనిమిది విద్యా సంవత్సరాలకు మించి ఉండకూడదు, హెచ్ఎం అయితే ఐదు. అందుకని లెక్కల సారు మంచివారా అని అడిగి ఊరుకోకండి. "ఎన్నేళ్ల నుంచి ఉన్నారండీ?" అని కూడా అడగండి. ఏడేళ్లు దాటిందంటే మీ పాప ఆరో తరగతి పూర్తయ్యేసరికి ఆయన వెళ్లిపోతారు. రెండో ఏడో మూడో ఏడో నడుస్తోందంటే పాప ఎనిమిది దాటేదాకా ఆయనే ఉండే అవకాశం ఎక్కువ. మధ్యలో ఆయనే బదిలీ అడిగి వెళ్లొచ్చు, అది మన చేతుల్లో లేదు. బాగా లోపలి పల్లెలో చేసినవాళ్లకు బదిలీల్లో పాయింట్లు ఎక్కువ. అందుకే అక్కడ కొన్నాళ్లు చేసి రోడ్డు మీది బడికి వచ్చేయాలని చూస్తారు. మీ హైస్కూలు మండల కేంద్రంలో, బస్సు రూటులో ఉంది కాబట్టి వచ్చినవాళ్లు తొందరగా కదలరు.

టీచరు లేకపోతే ఏమవుతుందో నేను చూసిందే చెప్తాను. ఒక హైస్కూల్లో చేస్తున్నప్పుడు పక్క ఊరి యూపీ స్కూలు నుంచి ఒకమ్మాయి పైతరగతిలో చేరింది. మొదటి వారం బోర్డు దగ్గరికి పిలిచి నాలుగింట మూడుకు రెండింట ఒకటి కలపమన్నాను. పైన మూడూ ఒకటీ నాలుగు, కింద నాలుగూ రెండూ ఆరు. ఆరింట నాలుగు అని రాసి సుద్దముక్క పెట్టేసింది. క్లాసంతా నవ్వారు. నేను బోర్డు తుడిచేసి, "ముప్పావు లీటరు పాలున్నాయి, ఇంకో అర లీటరు పోశావు. ఎంతమ్మా?" అన్నాను. "ఒకటింబావు సార్" అని టక్కున చెప్పింది. వాళ్లింట్లో గేదెలున్నాయి, పొద్దున్నే పాలు కొలిచి పోసేది ఆ పిల్లే. తెలివికి ఏమీ లోటు లేదు. రెండేళ్ల పాటు ముప్పావు అన్నా నాలుగింట మూడు అన్నా ఒకటేనని చెప్పే మనిషి ఎదురుగా లేడు, అంతే. ఆ రెండేళ్లను పూడ్చడానికి పొద్దున్నే అరగంట ముందు రమ్మని ఏడాదంతా చెప్పాల్సి వచ్చింది. అలా అందరికీ చెప్పడం ఏ టీచరు వల్లా కాదు. నేనూ ఆ పిల్లకు చెప్పాను గానీ ఆ క్లాసులో అలాంటివాళ్లు ఇంకో పదిమంది ఉన్నారు.

సరే, ఎలా చూడాలి? బళ్లు జూన్ 12న తెరుస్తారు. తెరిచిన వారంలో ఒకరోజు మిషను పని ఆపి పొద్దున పదింటికి హైస్కూలుకు వెళ్లండి. మెగా పీటీఎం (తల్లిదండ్రుల సమావేశం) రోజునో పంద్రాగస్టునో వెళ్లి చూసి వస్తే లాభం లేదు. ఆ రోజుల్లో ముగ్గులూ తోరణాలతో ఏ బడైనా పెళ్లివారిల్లులా ఉంటుంది. భవనం చూసి కూడా మురిసిపోకండి. బళ్లను బాగుచేయడానికి 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు పథకం మొదటి విడతలోనే 15,715 బళ్లకు బెంచీలు, ఫ్యాన్లు, ఆకుపచ్చ బోర్డులు, రంగులు వచ్చాయి. ఇప్పుడు బయట నుంచి చూస్తే అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి.

హెచ్ఎం గది గోడ మీద టైంటేబుల్ ఉంటుంది. ఆరో తరగతి వరస వెతికి, లెక్కలు ఏ పీరియడ్‌లో పడ్డాయో చూడండి. మధ్యాహ్నం అన్నం తిన్నాక చివరి పీరియడ్లలో పడేశారంటే ఆ తరగతికి ఆ బళ్లో ఉన్న గౌరవం ఏపాటిదో అర్థమవుతుంది. లెక్కల పీరియడ్ ఎదురుగా ఉన్న పొట్టిపేరు ఎవరిదో అడగండి. సైన్సు సారో, పీఈటీ సారో అయితే లెక్కల పోస్టు ఖాళీ అన్నమాట. "సర్దుబాటులో ఇంకో సారు వస్తారమ్మా" అంటారు. ఆగస్టు దాకా రాని సర్దుబాట్లు నేను చాలా చూశాను.

తర్వాత మీ ఊరి నుంచి ఆ బడికి వెళ్తున్న, ఇప్పుడే ఏడు పూర్తయిన పిల్లలెవరైనా ఉంటే వాళ్లింటికి వెళ్లి పోయినేడాది లెక్కల నోట్సు అడగండి. ఎన్ని పేజీలు నిండాయన్నది ముఖ్యం కాదు. ఎర్రసిరా ఎక్కడ ఉందో చూడండి. ప్రతి పేజీ కింద ఒక పెద్ద టిక్కు, సంతకం, తప్పు లెక్క మీద కూడా అదే టిక్కు ఉంటే ఆ సారు పుస్తకం తెరవలేదు, తనిఖీ కోసం సంతకాలు పెట్టారు. తప్పు దగ్గర సున్నా చుట్టి, పక్కన సరైన మెట్టు రాసి, కింద పిల్లవాడు మళ్లీ చేసిన లెక్క కనిపిస్తే ఆ మనిషికి మీ పాపను నిశ్చింతగా అప్పజెప్పొచ్చు. నెలకు అలాంటివి రెండు మూడు పేజీలున్నా చాలు. 60 మంది పిల్లల పుస్తకాలు రోజూ అలా దిద్దడం ఎవరి తరమూ కాదు. జనవరి, ఫిబ్రవరి తేదీలున్న పేజీలు ప్రత్యేకంగా చూడండి. మిరపకోతల రోజుల్లో క్లాసు సగం ఖాళీ అవుతుంది. "పిల్లలే లేరు, ఏం చెప్తాం" అని పాఠం ఆపేసే బడి ఒకటి, ఉన్న పాతికమందికే చెప్పుకుంటూ పోయే బడి ఇంకొకటి. నోట్సులో తేదీలు చూస్తే మీది ఏ రకమో తెలుస్తుంది.

యూడైస్ పోర్టల్ అని ఒకటుంది, ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది. ఫోన్‌లో బడి పేరు కొడితే టీచర్లెందరు, పిల్లలెందరు, గదులెన్ని అన్నీ వస్తాయి. చూడండి, తప్పులేదు. కానీ అందులో ఉండేది వెనకటి లెక్క, బదిలీల తర్వాతి సంగతి అందులో దొరకదు. దానికన్నా పేరెంట్స్ కమిటీలో ఉన్న ఒక తల్లిని పట్టుకోండి. ఆ కమిటీలో సగం మంది ఆడవాళ్లే ఉండాలని చట్టంలోనే ఉంది, కాబట్టి మీ ఊళ్లో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఏ సారు పొద్దున తొమ్మిదింటికి వస్తారో, ఎవరు పదిన్నర బస్సుకు వస్తారో వాళ్లకు తెలిసినంత ఎంఈఓ గారికి కూడా తెలియదు.

ఇప్పుడు మోడల్ స్కూలు. 2013లో మొదలైనప్పటి నుంచి వీటికి మంచి పేరే ఉంది. ఆరు నుంచి ఇంటర్ దాకా ఒకేచోట, పూర్తిగా ఇంగ్లీషు మీడియం, పీజీటీ, టీజీటీ టీచర్లు, ల్యాబులు. పక్కింటివాళ్లు సీటు వదలొద్దన్నది ఊరికే కాదు. అయితే ఇంగ్లీషు మీడియం అన్న ఒక్క మాట చూసి వెళ్లకండి. ఇప్పుడు మన హైస్కూళ్లలోనూ రెండు భాషల పుస్తకాలే, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. మీడియం పేరు ఏదైనా క్లాసులో సారు ఏ భాషలో మాట్లాడుతున్నారన్నది అసలు విషయం. ముందు తెలుగులో విడమరిచి, అదే మాటను ఇంగ్లీషులో చెప్పించి, సొంతంగా రెండు వాక్యాలు రాయించే టీచరు దొరికితే తెలుగు మీడియంలో చదివొచ్చిన పాప ఆర్నెల్లలో పుంజుకుంటుంది. ఇంగ్లీషు పేజీని గడగడా చదివేసి, గైడులో జవాబులు గీతలు గీయించి బట్టీ పట్టమంటే, పాపకు మార్కులు వస్తాయి, చదువు రాదు.

ఇది తేల్చడానికి చిన్న పరీక్ష ఉంది. అక్కడ ఏడు చదివే పిల్ల ఎవరైనా కనిపిస్తే సైన్సు పుస్తకంలో ఒక పేరా చదవమని, తర్వాత అదేంటో తెలుగులో చెప్పమనండి. చదవడం ఎలాగూ చదువుతారు. చెప్పేటప్పుడు తడుముకోకుండా మీకు అర్థమయ్యేలా చెప్పిందంటే ఆ బళ్లో పాఠం జరుగుతోందన్నట్టే. హైస్కూలు పిల్లనూ ఇదే అడగండి. మీరు పెద్దగా చదువుకోలేదని మొహమాటపడుతూ రాశారు. ఈ పరీక్షకు మీ చదువుతో పనిలేదు. మీకు అర్థమైందా లేదా, అంతే.

మోడల్ స్కూలుతో నాకున్న అసలు టెన్షన్ దూరం. ఇవి ఎక్కువచోట్ల ఊరికి ఎడంగా, ఖాళీ జాగా దొరికిన చోట కట్టారు. మీరు రాసినదాన్ని బట్టి పొద్దున ఏడుంబావుకు ఒక బస్సు, సాయంత్రం ఐదూ ఇరవైకి ఒక బస్సు. అది తప్పితే ఆటో. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద పల్లెవెలుగులో ఆడపిల్లలకు టికెట్ లేదు కాబట్టి డబ్బు సమస్య కాదు. కానీ బస్సు రావాలి కదా. డిసెంబరులో ఐదున్నర దాటితే పొద్దుగూకుతుంది. స్టేజీ దగ్గర పాప చీకట్లో నిలబడి ఉంటుంది, ఇంటి దగ్గర మీరు మిషను ఆపేసి గుమ్మంలో నిలబడి ఉంటారు, ఆయనేమో గుంటూరులో ఉంటారు. ఇలా పది రోజులు గడిచాక పదకొండో రోజు "ఇవాళ మానెయ్యమ్మా" అనేది మీరే. మోడల్ స్కూళ్లకు ఆడపిల్లల హాస్టల్ ఉన్నా అది తొమ్మిది నుంచి ఇంటర్ దాకా, ఆరో తరగతికి కాదు. అందుకే మీ ఊరి నుంచి ఇంకెందరు ఆడపిల్లలు అదే బస్సుకు వెళ్తున్నారో ముందు లెక్కపెట్టండి. ముగ్గురు నలుగురుంటే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. మీ పాప ఒక్కతే అయితే నేను పంపను.

అత్తగారి మాట గురించి. కస్తూర్బాలు 2004లో పెట్టింది చదువు మానేసిన ఆడపిల్లల కోసం, తల్లో తండ్రో లేని పిల్లల కోసం, ఇల్లు గడవక పనికి వెళ్లే కుటుంబాల కోసం. సీట్లు ముందు వాళ్లకే ఇస్తారు, ఇవ్వాలి కూడా. అక్కడ చదివి పైకొచ్చిన పిల్లలు నాకు చాలామంది తెలుసు, తక్కువగా మాట్లాడే ఉద్దేశం లేదు. పైసా ఖర్చు లేకుండా తిండి, బట్ట, చదువు, రాత్రి స్టడీ. అయినా మీ ఇంట్లో తల్లి ఉంది, నాయనమ్మ ఉంది, సాయంత్రం పాప వచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఉంటుంది. పదకొండేళ్ల పిల్లను అక్కడ వదిలి రావాల్సిన అవసరం మీకున్నట్టు నాకు కనపడలేదు. అత్తగారికి పాప ఒంటరిగా బస్సెక్కడమే భయమైతే ఆ భయం న్యాయమైనదే, దానికి మందు దగ్గరి బడి.

ఇంకొన్ని గబగబా చెప్పేస్తాను. మరుగుదొడ్డి తప్పకుండా చూడండి. ఈ మూడేళ్లలోనే పాప పెద్దమనిషి అవుతుంది. దొడ్లు ఉన్నాయా అని కాదు, తాళం ఎవరి దగ్గర ఉంది, నీళ్లు వస్తున్నాయా అని. ఒక బళ్లో కొత్త టైల్స్ వేసిన మరుగుదొడ్డికి తాళం వేసి, ఎవరైనా అధికారి వస్తే తీసేవారు. ఆడపిల్లలు పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా కూర్చునేవాళ్లు. ఆయా ఉందా, ఆమెకు నెలనెలా జీతం అందుతోందా అడిగితే మిగతాది మీకే తెలుస్తుంది. మధ్యాహ్న భోజనం ఇప్పుడు ఏ బళ్లోనైనా ఇంచుమించు ఒకటే మెనూ, వంట చేసే మనిషి చేతిని బట్టి రుచి మారుతుంది, దాన్ని బట్టి బడి ఎంచుకోవద్దు.

అంకె ఏదో ఒకటి కావాలనుకుంటే పాస్ శాతం బదులు ఎన్ఎంఎంఎస్ అడగండి. ఎనిమిదో తరగతిలో రాసే కేంద్ర స్కాలర్‌షిప్పు పరీక్ష అది. ఏడులో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ ఎస్టీలకు 50, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా సంవత్సరానికి 12,000, మొత్తం 48,000. జెడ్పీ, యూపీ, వసతి లేని మోడల్ స్కూలు పిల్లలు రాయొచ్చు. ప్రభుత్వ హాస్టల్ బళ్ల పిల్లలకు అర్హత లేదు, ఈ సంగతి అత్తగారికి కూడా చెప్పండి. గత మూడేళ్లలో ఎంతమంది రాశారు, ఎంతమందికి వచ్చింది అని హెచ్ఎంను అడిగితే ఠక్కున చెప్పే బడి ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్ని పట్టించుకుంటున్నట్టు. "అదేంటమ్మా" అని అటెండర్ వైపు చూస్తే మీరు లేచి రావచ్చు. ఇంకా ముందుకు వెళ్తే, నూజివీడు లాంటి ట్రిపుల్ ఐటీలకు వెళ్లేటప్పుడు కూడా వసతి లేని ప్రభుత్వ బళ్లలో చదివినవాళ్లకు నాలుగు శాతం కలిపి ర్యాంకు కడతారు. అంత దూరం ఇప్పుడే ఆలోచించక్కర్లేదు గానీ, జెడ్పీలో చదివితే ఏమీ రాదనేవాళ్లకు చెప్పడానికి పనికొస్తుంది.

నన్ను ఒక్కటి చెప్పమంటే, మీ ఇంటి పరిస్థితికి హైస్కూలు. నాలుగు కిలోమీటర్లు, మీ ఊరి నుంచి అరడజను మంది ఆడపిల్లలు సైకిళ్ల మీద గుంపుగా వెళ్తున్నారని మీరే రాశారు. అలా గుంపుగా వెళ్లే పిల్లలు బడి మానరు, ఇది నేను అటెండెన్స్ రిజిస్టర్లు ముప్పై ఏళ్లు చూసి చెప్తున్న మాట. కానీ షరతు ఒకటుంది. లెక్కలకూ ఇంగ్లీషుకూ మనుషులుండాలి. రెండిట్లో ఏ ఒక్కటి ఖాళీగా ఉన్నా, మోడల్ స్కూలు బస్సుకు తోడు దొరికితే అటే పంపండి. యూపీ స్కూలు దగ్గరే అయినా మూడేళ్ల తర్వాత ఎలాగూ హైస్కూలుకు మారాలి, అప్పుడు ముప్పావు కథ మళ్లీ మొదలవుతుంది. అక్కడ లెక్కలకు మంచి స్కూల్ అసిస్టెంటు ఉండి, ఆయనకింకా నాలుగైదేళ్లు సర్వీసు మిగిలి ఉందని తెలిస్తే మాత్రం నా మాట వెనక్కి తీసుకుంటాను. 13 మంది పిల్లలున్న క్లాసులో అలాంటి మనిషి దొరకడం అదృష్టం.

తొందరపడి మోడల్ స్కూలు సీటు వదులుకున్నట్టు మాత్రం రాసివ్వకండి. అది పోతే వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకు వెళ్లిపోతుంది, తిరిగి రాదు. హైస్కూల్లో సీటుకు ఆ భయం లేదు, ఏ నెలలో వెళ్లినా చేర్చుకోవాల్సిందే, టీసీ ఆలస్యమైందని కూడా ఆపకూడదు. హైస్కూల్లో ఎవరున్నారో తేలేలోపే మోడల్ స్కూల్లో రిపోర్ట్ చేసే తేదీ వస్తే ముందు అక్కడ చేర్చేయండి. పదిహేను రోజులు చూసి మార్చుకోవచ్చు. ఆ పదిహేను రోజులూ మీరో నాయనమ్మో స్టేజీ దాకా వెళ్లండి.

చిన్నమ్మాయి ఈ జూన్‌లో ఐదుకు వస్తోందన్నారు కదా, ఆమె విషయం ఇప్పుడే చూసుకోవాలి. నవోదయ (కేంద్రం నడిపే హాస్టల్ బడి) ఫారం ఐదు చదువుతుండగానే వేయాలి, రాసే అవకాశం ఒక్కసారే. మనకు చిలకలూరిపేట దగ్గర మద్దిరాలలో ఉంది. 80 సీట్లు, అందులో 75 శాతం పల్లెల పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు. 80 ప్రశ్నలు, రెండు గంటలు, సగం ప్రశ్నలు బొమ్మల తర్కం మీదే ఉంటాయి. పెద్దమ్మాయికి ఆ తేదీ దాటిపోయింది. చిన్నదానికి దాటనివ్వకండి.

ఈలోగా హైస్కూలు లెక్కల సారు ఎన్నేళ్ల నుంచి ఉన్నారో కనుక్కోండి. ఏడో తరగతి నోట్సు దొరికితే ఫిబ్రవరి నెలవి రెండు పేజీలు ఫొటో తీసి పెట్టండి, పిల్లవాడి పేరు కనపడకుండా. చూసి చెప్తాను.